పిల్లల పేర్లపై ప్రభుత్వ పెత్తనం ఎంతవరకు?

పేరు పెట్టేది తల్లిదండ్రులే అయినా, దాన్ని జనన రిజిస్టరులోకి ఎక్కించేది ప్రభుత్వ ఉద్యోగి. నచ్చని పేరును కాదనే అధికారం ఆ ఉద్యోగికి ఉండాలా అన్నదానిపై ఒక్కో దేశం ఒక్కో దారి పట్టింది.

ఫ్రాన్స్ దారి అన్నిటికంటే ఎక్కువ నేర్పుతుంది. అక్కడ 1803లో వచ్చిన చట్టం ప్రకారం పంచాంగాల్లోని పేర్లు, ప్రాచీన చరిత్రలో ప్రసిద్ధుల పేర్లు మాత్రమే పెట్టాలి. విప్లవకాలంలో పుట్టుకొచ్చిన వింత పేర్లకు అడ్డుకట్ట వేయాలని ఆ చట్టం తెచ్చారు. దెబ్బ తగిలింది మాత్రం బ్రెటన్ వంటి ప్రాంతీయ భాషలవారికి. 20వ శతాబ్దంలో ఒక బ్రెటన్ కుటుంబం తమ భాషలో పెట్టుకున్న పేర్లను అధికారులు నమోదు చేయలేదు. ఆ పిల్లలు ఏళ్ల తరబడి గుర్తింపు పత్రాలు లేకుండానే పెరిగారు. మాతృభాషలో పేరు పెట్టుకున్నందుకు పసివాళ్లకు ఇంత శిక్షా? 1993లో ఆ కట్టడి తొలగింది. ఇప్పుడు రిజిస్ట్రారుకు తిరస్కరించే అధికారం లేదు. పేరు బిడ్డకు చేటు తెస్తుందనుకుంటే ప్రాసిక్యూటరుకు తెలపాలి, తేల్చేది జడ్జి.

పేర్ల జాబితా పాలకుల చేతిలో ఆయుధం కూడా అయింది. 1938లో నాజీ జర్మనీ యూదుల కోసం ఒక జాబితా తయారుచేసింది. అందులో లేని పేరున్న యూదులు 1939 జనవరి నుంచి, మగవారైతే ఇజ్రాయెల్ అని, ఆడవారైతే సారా అని అదనంగా తగిలించుకోవలసి వచ్చింది. మనిషిని వేరుచేసి వేటాడటానికి పేరే గుర్తయింది.

ఐస్‌లాండ్ ఉద్దేశం వేరు, భాషను కాపాడుకోవడం. కొత్త పేరు తమ వ్యాకరణానికి ఒదుగుతుందో లేదో చూడటానికి అక్కడ ఒక కమిటీ ఉంది. పుంలింగ పదమని ఒక బాలిక పేరును ఒప్పుకోకపోవడంతో సర్కారు రికార్డుల్లో ఆమె ‘అమ్మాయి’గానే మిగిలింది. 2013లో, ఆమెకు 15 ఏళ్లప్పుడు, కోర్టు ఆ పేరు ఆమెకు ఇప్పించింది. 2019 చట్టం పేర్లకు లింగ నియమాన్నే తీసేసింది.

అలాగని అదుపే వద్దనలేం. న్యూజిలాండ్‌లో వాక్యమంత పేరు మోయలేక సిగ్గుపడిన తొమ్మిదేళ్ల బాలికను, పేరు మార్పించడానికే 2008లో కోర్టు తన సంరక్షణలోకి తీసుకుంది. అది న్యాయమైన జోక్యం. బిడ్డకు కలిగే హాని ఒక్కటే అభ్యంతరానికి కారణం కావాలి, అదీ కోర్టు విచారించి తేల్చాలి. సంస్కృతి, అభిరుచి పేరిట కత్తెర వేసే అధికారం ఏ ఆఫీసుకూ ఇవ్వకూడదు.

భారతదేశంలో అనుమతించిన పేర్ల జాబితా లేదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం పేరు లేకుండానే జననాన్ని నమోదు చేయించే వీలునిచ్చింది. బారసాల అయ్యాక తల్లిదండ్రులు ఆ పేరును రిజిస్టరులో చేర్పించుకోవచ్చు.