ఆఫ్రికా సిక్లిడ్ చేపలు: జాతి గుర్తింపు, సహచర చేపల ఎంపిక

లేబిడోక్రోమిస్ సెరూలియస్ అనే శాస్త్రీయ నామంలోని రెండవ పదానికి లాటిన్ భాషలో 'నీలవర్ణం కలది' అని అర్థం. కానీ అక్వేరియం దుకాణాలలో 'ఎల్లో ల్యాబ్' పేరుతో లభించే ఆ చేప నిమ్మపండు వలె పసుపుపచ్చనిది. 1956లో జెఫ్రీ ఫ్రైయర్ ఈ జాతిని వర్ణించి పేరు పెట్టినప్పుడు ఆధారమైనవి నీలిఛాయ గల తెల్లని చేపలు. పసుపు రకం మలావీ సరస్సు పశ్చిమ తీరంలో ఒక చిన్న ప్రాంతానికి పరిమితమైనది. పెంపకందారులను ఆకర్షించి అదే ప్రపంచమంతటా వ్యాపించింది. వ్యాకరణ పరిభాషలో చెప్పాలంటే, యౌగికంగా పుట్టిన పేరు రూఢిగా మిగిలింది. సిక్లిడ్ చేపల విషయంలో పేరునూ రంగునూ నమ్మి నిర్ణయానికి రావడం ఎంత ప్రమాదకరమో ఈ ఒక్క ఉదాహరణ చెబుతుంది.

సిక్లిడే కుటుంబం తెలుగువారికి కొత్తది కాదు. 1952లో భారతదేశానికి వచ్చి నేడు చెరువులన్నింటా కనిపించే తిలాపియా ఆఫ్రికా సిక్లిడే. కేరళీయులు కరిమీన్ అని పిలిచేది ఇదే కుటుంబానికి చెందిన స్వదేశీ చేప. అయితే అక్వేరియం వ్యాపారంలో 'ఆఫ్రికన్ సిక్లిడ్' అన్నప్పుడు మలావీ, టాంగన్యీకా, విక్టోరియా అనే మూడు మహా సరస్సుల చేపలే ప్రధానంగా ఉద్దేశితాలు. ఒక్క మలావీలోనే ఏడు వందలకు పైగా జాతులున్నాయి. వాటిలో దాదాపు అన్నీ మరెక్కడా లేనివే. కనుక 'ఆఫ్రికన్ సిక్లిడ్' అన్నది ఒక చేపను గుర్తించే మాట కాదు, గుర్తింపు ఇంకా మొదలు కాలేదని తెలిపే మాట. ఈ వ్యాసం ప్రధానంగా మలావీ చేపలకు పరిమితం.

రంగు ఎందుకు చాలదు?

దుకాణాలలో 'కెన్యీ' అని పిలిచే మేలాండియా లొంబార్డోయ్ పిల్లలు, ఆడచేపలు నీలంగా, నిలువు చారలతో ఉంటాయి. మగచేప పెరిగేకొద్దీ పసుపుపచ్చగా మారుతుంది. అంటే నీలిచేపగా ఇంటికి వచ్చినది కొన్ని నెలలకు పసుపుచేప అవుతుంది. దానిని ఎల్లో ల్యాబ్‌గా పొరబడడం కద్దు. రెండింటి స్వభావాలకు ఎక్కడా పొంతన లేదు. ఎల్లో ల్యాబ్ సాపేక్షంగా సాధువు, కెన్యీ మగచేప తొట్టె మొత్తాన్ని తన రాజ్యంగా భావించే కలహశీలి. మెలనోక్రోమిస్ ఆరేటస్ కథ మరొకటి. ఆ పేరులో 'బంగారు పూత' ఉన్నా, అది ఆడచేపలకు, పిల్లలకు మాత్రమే వర్తిస్తుంది. ఆధిపత్యం వహించే మగచేప నలుపు తిరుగుతుంది.

కాబట్టి గుర్తింపు శరీర నిర్మాణంతో మొదలవ్వాలి. జంతుశాస్త్రం వాజాలని పిలిచే చేప రెక్కలను ముందుగా పరిశీలించాలి. ఎల్లో ల్యాబ్ పృష్ఠవాజం పొడవునా నల్లని పట్టీ ఉంటుంది, దేహంపై నిలువు చారలు స్పష్టంగా ఉండవు. కెన్యీ మగచేప పసుపు దేహంపై మసక చారలు మిగిలే ఉంటాయి. పాయువాజం మీది గుడ్డు ఆకారపు మచ్చలు చాలామంది అనుకున్నట్లు మగచేపకే పరిమితం కావు. లింగ నిర్ణయానికి అవి ఒక్కటే ఆధారం కాజాలవు. నోటి తీరు మరింత నమ్మదగినది. బండల మీది పాచిని గీకి తినే చేపల నోరు కిందివైపుకు తిరిగి ఉంటుంది. లేబిడోక్రోమిస్ పళ్ళు పట్టకారు వలె ముందుకు పొడుచుకొని, రాతి సందుల్లోని చిన్న జీవులను ఏరుకోవడానికి అనువుగా ఉంటాయి. ఆ ప్రజాతి నామంలో 'పట్టకారు' అనే గ్రీకు పదమే ఉంది. ఇక్కడ మాత్రం పేరు నిజమే చెప్పింది.

శాస్త్రజ్ఞుల కంటే ముందే మలావీ తీరవాసులు ఈ చేపలను నివాసాన్ని బట్టి విభజించుకున్నారు. టోంగా భాషలో 'ఎంబూనా' అంటే బండల చేప. నడినీటిలో గుంపులుగా తిరుగుతూ సూక్ష్మజీవులను తినేవి 'ఉటాకా'. అక్వేరియం పెంపకానికి రంగుల పట్టికల కన్నా ఈ జానపద వర్గీకరణే ఎక్కువ ఉపకరిస్తుంది. ఎందుకంటే నివాసం తెలిస్తే ఆహారం తెలుస్తుంది, ఆహారం తెలిస్తే ఎవరితో ఎవరు ఇమడగలరో తెలుస్తుంది.

సహవాసం

పాచి తినే ఎంబూనాలకు మాంసకృత్తులు అధికంగా ఉన్న మేత పెడితే కడుపుబ్బు వ్యాధి వస్తుందని పెంపకందారుల అనుభవం. మాంసాహార జాతులకు ఆ మేతే అవసరం. ఈ రెండు వర్గాలను ఒకే తొట్టెలో ఉంచితే ఎవరో ఒకరు నష్టపోక తప్పదు. 'పీకాక్' అనే అవులోనొకారా చేపలు ఇసుకలో దాగిన పురుగులను పసిగట్టి తినే నెమ్మదస్తులు. ఎంబూనాల మధ్య అవి బెదిరి, రంగు వెలిసి, మేతకు కూడా వెనుకబడతాయి.

మగచేప తనను పోలిన రంగు, చారలు గల చేపనే ప్రధాన ప్రత్యర్థిగా చూస్తుంది. అందువల్ల రూపంలో దూరమైనవే మంచి సహచరులు. ఎల్లో ల్యాబ్ పక్కన తుప్పురంగు ఐయోడోట్రోఫియస్ స్ప్రెంగెరే, ఊదానీలపు 'ఏసీ' చేప చక్కగా ఇముడుతాయి. నాలుగడుగుల తొట్టె, చూపును అడ్డగించే రాళ్ళ గుట్టలు, ఒక మగచేపకు కనీసం మూడు ఆడచేపలు ఉంటే వేధింపు ఒకే చేపపై పడదు. నీటి పి.హెచ్. 8 ప్రాంతంలో, ఉష్ణోగ్రత 24 నుంచి 26 డిగ్రీల మధ్య ఉండాలి. మన ప్రాంతాలలో చాలాచోట్ల బోరునీరు కఠినజలమే కనుక ఆ మేరకు శ్రమ తక్కువ.

తొట్టె అడుగున తిరిగే సైనొడాంటిస్ మల్టీపంక్టేటస్ అనే టాంగన్యీకా జెల్లను కూడా చాలామంది తోడుగా వేస్తారు. నోటిలో గుడ్లు పొదిగే సిక్లిడ్ తల్లి గుడ్లను ఏరుకొనేటప్పుడు ఇది తన గుడ్లను వాటిలో కలుపుతుంది. ముందుగా పొదిగిన జెల్లపిల్లలు తల్లి నోటిలోనే సిక్లిడ్ పిల్లలను తినేస్తాయి. కాకిగూటి కోయిల ఇంత క్రూరం కాదు. సంతానం కోరుకొనేవారు దీనిని ఉంచరాదు.

సంకరం

గుర్తింపు లోపం తగాదాలతో ఆగదు. మలావీ జాతులు చాలావరకు పరస్పరం కలిసి, సంతానోత్పత్తి సామర్థ్యం గల సంకర పిల్లలను కనగలవు. సరస్సులో వాటిని విడివిడిగా నిలిపేది ప్రధానంగా జత ఎంపిక. దీనికి విక్టోరియా సరస్సు సాక్ష్యం. ఆడచేపలు రంగును చూసి జతను ఎన్నుకుంటాయని, నీరు మురికై రంగు కనబడని చోట జాతుల మధ్య హద్దు చెరిగిపోతోందని 1997లో సైన్స్ పత్రికలో ఓలే సీహౌజెన్ బృందం చూపింది. నైల్ పెర్చ్ చేపను వదిలిన తరువాత అదే సరస్సులో సుమారు 200 సిక్లిడ్ జాతులు కనుమరుగయ్యాయని అంచనా. వాటి బంధువర్గంలో కొన్ని నేడు ప్రధానంగా తొట్టెలలోనే బతుకుతున్నాయి.

తొట్టెలో నీరు తేటగానే ఉన్నా, ఎంచుకొనేందుకు స్వజాతి జత లేకపోతే ఫలితం అదే. అవులోనొకారా ఆడచేపలన్నీ బూడిద గోధుమ వన్నెతో దాదాపు ఒకేలా ఉంటాయి. 'అసార్టెడ్' పేరుతో కలిపి అమ్మిన వాటిలో ఏది ఏ జాతిదో తరువాత తేల్చడం నిపుణులకు కూడా కష్టం. అటువంటి తొట్టెలో పుట్టిన పిల్లలను ఏ జాతి పేరుతోనూ ఇతరులకు ఇవ్వకూడదు. వంశశుద్ధిని కాపాడదలచినవారు ఒక తొట్టెలో ఒకే జాతిని ఉంచి, జాతి పేరు పక్కన చేపలను పట్టిన తావును కూడా రాస్తారు: లేబిడోక్రోమిస్ సెరూలియస్, లయన్స్ కోవ్.