నవ్వు ఆగిన చోటు

నేను ఎం.ఏ. తెలుగు విద్యార్థినిని. 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శించిన ‘కన్యాశుల్కం’ మాకు పాఠ్యగ్రంథం. క్లాసులో గిరీశం మాటలకి కడుపుబ్బ నవ్వుకున్నాం.

సెలవులకి ఇంటికి వెళ్లి అమ్మమ్మకి చదివి వినిపించాను. ఆవిడ మొదట్లో నవ్వింది. బాలవితంతువు బుచ్చమ్మ మాట రాగానే ఊరుకుంది.

“మా నాన్న మేనత్తనీ ఇలాగే డబ్బు పుచ్చుకుని ఓ ముసలాయనకి ఇచ్చారుట. ఆ డబ్బుతోనే మన ఇంటి అప్పు తీరింది. పదేళ్లకే పసుపుకుంకాలు పోయి పుట్టింటికి వచ్చేసింది.”

“ఆవిడ పేరేమిటి అమ్మమ్మా?”

“ఏమోనే, అందరూ ‘అత్తయ్య’ అనేవారుట.”

మా వంశవృక్షంలో ఏడు తరాల మగవాళ్ల పేర్లున్నాయి. ఆవిడ పేరు లేదు.

గురజాడవారి పుస్తకంలో బుచ్చమ్మకైనా ఓ పేరుంది. మీ ఇంట్లో పెద్దవాళ్లున్నారా? ఈ సెలవుల్లోనే అడగండి.