బల్లి రెప్ప ఎందుకు వేయదు?

ట్యూబులైటు పక్కన పురుగుల కోసం కాచుక్కూర్చున్న బల్లిని కాసేపు చూడండి. రెప్ప వేయదు. వేయడానికి దానికి కదిలే రెప్పలే లేవు! కంటిని పారదర్శకమైన పొర ఒకటి కప్పి ఉంటుంది. దుమ్ము పడితే నాలుక చాచి నాకేస్తుంది. వెలుతురు ఎక్కువైతే కంటిపాప నిలువు గీతలా సన్నబడుతుంది, చీకట్లో విచ్చుకుంటుంది. రాత్రి వేటకు తగిన కన్ను మరి. పగలు తిరిగే తొండకు రెప్పలున్నాయి, పాప గుండ్రంగా ఉంటుంది. అందుకే బల్లి బొమ్మ గీసేటప్పుడు కన్నుతో మొదలుపెట్టండి. అక్కడ తప్పితే మీ బల్లి కాస్తా తొండైపోతుంది.

తర్వాత కాళ్ళు. కిటికీ అద్దానికి అవతలివైపు బల్లి పాకిందంటే మీ అదృష్టం. వేళ్ళ అడుగున రెండు వరుసల్లో అడ్డమడతలు కనిపిస్తాయి. వాటి నిండా కంటికి ఆననంత సన్నని నూగు లక్షల్లో ఉంటుంది. అది గోడకు అతి దగ్గరగా ఆనినప్పుడు అణువుల మధ్య ఆకర్షణ పుడుతుంది. బల్లిని పట్టి నిలిపేది అదే, జిగురేమీ కాదు. తొండకు ఈ మడతలుండవు, గోళ్ళతో బెరడు పట్టుకుని ఎక్కుతుంది. మెడ నుంచి వీపు మీదుగా ముళ్ళ వరుస, ఒంటికి రెండింతలు దాటే తోక. కాగితం మీద చోటు ముందే చూసుకోండి!

ఇక నలికిరికి పొలుసులు పెంకుటింటి కప్పులా నున్నగా పరుచుకుని మెరుస్తాయి. అన్నీ గీయక్కర్లేదు, వీపు పొడవునా తెల్లగా కాస్త వదిలితే మెరుపు వచ్చేస్తుంది.

వేటినీ పట్టుకోకండి. బెదిరితే బల్లి తోక వదిలేస్తుంది. కొత్త తోకలో వెన్నుపూసలుండవు, మృదులాస్థి కడ్డీయే ఉంటుంది. మచ్చలు కూడా పాతవాటిలా ఉండవు. మీ గోడమీది బల్లికి తోక సగం నుంచి తేడాగా ఉంటే, బొమ్మలోనూ అలాగే వేయండి.