పూలు సీసాలో లేవు, దుంపలో ఉన్నాయి

కడియం చుట్టుపక్కల లిల్లీ వేసే రైతుల్లో ఒక మాట తిరుగుతోంది: దుంప ఎలాంటిదైనా జిబ్బరెల్లిక్ ఆమ్లం అనే హార్మోన్ రెండుసార్లు కొడితే దిగుబడి రెట్టింపు! ఇది నమ్మి చిన్నాపెద్దా కలిసిన దుంపలు చవగ్గా కొని, మిగిలిన డబ్బు మందుకు పోస్తున్నారు. పూలు రాకపోతే మోతాదు పెంచుతున్నారు. ఈ నష్టం ఇక ఆగాలి.

అపోహ: హార్మోన్ కొడితే నాసిరకం దుంప కూడా పూస్తుంది.

వాస్తవం: మొలకకు, తొలి కాడకు ఊతం దుంపలో దాచుకున్న పిండిపదార్థమే. ఆ నిల్వను వాడుకోమని, కణాలు సాగాలని చెప్పడమే ఈ హార్మోన్ పని. గాదె ఖాళీగా ఉంటే తలుపు తీసి ఏం లాభం?

ఈ హార్మోన్ కథ వరి పండించే మనకు కొత్త కాకూడదు. నారుమడిలో కొన్ని మొక్కలు పాలిపోయి, తోటివాటిని మించి సన్నగా సాగుతాయి. బతికినా గింజ సరిగా కట్టవు. ఈ తెగులు తెచ్చే శిలీంధ్రం వదిలే పదార్థమే వాటిని అలా సాగదీస్తోందని 1926లో జపాన్ శాస్త్రవేత్త కురొసావా చూపాడు. 1935లో మరో జపాన్ శాస్త్రవేత్త యబుతా దానికి జిబ్బరెల్లిన్ అని పేరు పెట్టాడు. మోతాదు మించితే లిల్లీ కాడకూ అదే గతి: బలం లేకుండా సాగి, గాలివానకు ఒరిగిపోతుంది. కడియపులంక మార్కెట్లో విడిపూలకు కిలో లెక్కన ధర పలుకుతుంది, కాడ పొడవుకు కాదు.

మోతాదు లెక్కా చూడండి. సీసా మీద 0.001 శాతం అని ఉంటే లీటరు మందులో ఉన్న హార్మోన్ 10 మిల్లీగ్రాములే. ప్రయోగాల్లో దుంపలు నానబెట్టే ద్రావణంలో లీటరుకు 100 నుంచి 200 మిల్లీగ్రాములు ఉంటుంది. ఆ సీసాను నీళ్లు కలపకుండా పోసినా అక్కడికి చేరదు. గాఢమైన పొడి తెచ్చి చిటికెల లెక్కన కలిపితే హద్దు దాటుతుంది. పైగా ఆ పొడి నీళ్లలో సరిగా కరగదు, ముందు కాస్త ఆల్కహాల్‌లో కరిగించాలి.

కొబ్బరి నీళ్లలో ఎదుగుదల మందు ఉందన్న కోనసీమ మాటను మాత్రం కొట్టిపారేయలేం. వాటిలో సైటోకైనిన్లు అనే హార్మోన్లు ఉన్నాయి, టిష్యూకల్చర్ ప్రయోగశాలలు దశాబ్దాలుగా వాడుతున్నాయి. అయితే అక్కడ అంతా క్రిమిరహితం. మట్టిలో పోస్తే అందులోని చక్కెర శిలీంధ్రాలకూ మేతే.

దుంపపూల గురించి మరికొన్ని ప్రశ్నలు. మందు కొడితే రాజమండ్రి పెరట్లో టులిప్ పూస్తుందా? పూయదు, దాని దుంపకు వారాల తరబడి చలి కావాలి. టులిప్ దుంపల్ని మగ్గే అరటి గెలల పక్కన పెట్టవచ్చా? వద్దు, మగ్గే పండు వదిలే ఇథిలీన్ వాయువుకు లోపలి మొగ్గ మాడిపోతుంది. ఒకసారి పూసిన లిల్లీ దుంప మళ్లీ పూస్తుందా? లేదు, పక్క పిలకలు పూస్తాయి.

ముందు డబ్బు దుంపకు పెట్టండి. రెండు సెంటీమీటర్లకు తగ్గని, గట్టి దుంపలు ఏరి, నాలుగు వారాలు నీడలో ఆరనిచ్చి, నీరు నిలవని బోదెల మీద నాటండి. డెల్టా నల్లమట్టిలో నీరు నిలిస్తే ఏ హార్మోనూ కుళ్లును ఆపలేదు. అప్పటికీ మందు కొట్టాలనిపిస్తే వెంకటరామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయం వారిని మోతాదు అడగండి. ఒక మడికి కొట్టి, పక్క మడి వదిలేసి, రెండింటి పూలూ విడివిడిగా తూకం వేయండి. మందు ఖర్చుకు మించి కిలోలు పెరిగితేనే మిగతా చేనుకు కొట్టండి.