కంప్యూటరు నుండి మైకు సెట్టు దాకా వైరు ఎంత పొడవుండాలి?

అక్కలారా, ఇప్పుడు మన ఊళ్ళల్లో ఏ సభ జరిగినా మైకు సెట్టు పెడుతున్నారు. దాని పక్కనే ల్యాప్‌టాప్ కూడా పెడుతున్నారు. ల్యాప్‌టాప్ అంటే ఒళ్ళో పెట్టుకోగలిగే చిన్న కంప్యూటరు. సంఘం లెక్కలు అందులో ఉంటాయి. కొత్త అప్పు గురించి, కొత్త పథకం గురించి చెప్పే వీడియో అందులోనుంచే వేస్తారు. బొమ్మ గోడ మీద పడుతుంది. మాట మాత్రం మైకు సెట్టు బాక్సుల్లోనుంచి రావాలి. అందుకు కంప్యూటరు నుండి మైకు సెట్టుకు వైరు వెయ్యాలి.

ఆ వైరు ఎంత పొడవుండాలి? ఎంత కావాలంటే అంత అని అనుకుంటాం. కరెంటు వైరును బావి మోటారు దాకా లాగుతున్నాం కదా! కానీ ఈ వైరు అట్లాంటిది కాదు. దీనికి ఒక హద్దు ఉంది.

ఈ వైరు పేరు యు.ఎస్.బి. వైరు. మీకు కొత్తది కాదు. సెల్‌ఫోన్ చార్జింగ్ పెట్టే వైరు కూడా ఈ జాతిదే. యు.ఎస్.బి. పద్ధతి 1996లో వచ్చింది. అంతకు ముందు కంప్యూటరుకు తగిలించే ఒక్కో వస్తువుకు ఒక్కో రకం ప్లగ్గు ఉండేది. అన్నిటికీ ఒకే రకం పెడదామని కొన్ని కంపెనీలు కలిసి దీన్ని తెచ్చాయి. టేబులు మీద ఉన్న కంప్యూటరుకు, ఆ టేబులు మీదే ఉన్న వస్తువులకు కలపాలని దీన్ని తయారు చేశారు. హాలు ఆ చివర నుండి ఈ చివరకు లాగుతారని అనుకోలేదు.

2000లో వచ్చిన రెండో రకం యు.ఎస్.బి.నే ఇప్పటికీ చాలా మైకు పరికరాల్లో వాడుతున్నారు. దానికి వైరు 5 మీటర్లు దాటకూడదని నియమం. మన చీర పొడవు మామూలుగా ఐదున్నర మీటర్లు ఉంటుంది. అంటే చీర కంటే అర మీటరు తక్కువ. చీర గుర్తు పెట్టుకుంటే చాలు, లెక్క మరిచిపోరు. 2008లో ఇంకా వేగంగా పనిచేసే రకం వచ్చింది. దాని వైరు సుమారు 3 మీటర్లకే మించకూడదు. వేగం పెరిగిన కొద్దీ దూరం తగ్గింది.

ఎందుకు ఈ హద్దు? ముందు కంప్యూటరులో మాట ఎట్లా ఉంటుందో తెలుసుకోవాలి. కంప్యూటరుకు మాట తెలియదు, పాట తెలియదు. అంకెలే తెలుసు. మన గొంతును అది సెకనుకు 44,100 సార్లు కొలిచి అంకెలుగా రాసుకుంటుంది. ఆ అంకెలను మూటలు కట్టి యు.ఎస్.బి. వైరులో పంపుతుంది. సెకనుకు 1000 మూటలు వెళ్తాయి. కొన్ని పరికరాల్లో 8000 మూటలు కూడా వెళ్తాయి. అవతల ఉన్న చిన్న డబ్బా ఆ అంకెలను మళ్ళీ మాటగా మారుస్తుంది. ఈ డబ్బాను సౌండ్ కార్డు అంటారు. పేరు కార్డే గాని చూడడానికి డబ్బాలాగే ఉంటుంది.

ఇప్పుడు ఒక సంగతి. ఎవరింటికైనా వెళ్ళి వాకిట్లో నిలబడి పిలుస్తాం. జవాబు రాలేదనుకోండి. ఇంట్లో లేరని వెనక్కి తిరుగుతాం. కంప్యూటరు కూడా అంతే. "ఉన్నావా? పంపనా?" అని డబ్బాను అడుగుతుంది. జవాబు కోసం ఇంత సేపే ఆగుతుంది. ఆ సేపు మనకు లెక్కకు అందనంత చిన్నది. వైరులో కబురు ఒక మీటరు దాటడానికి పట్టే కాలం, సెకనును 20 కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్క. అంత చిన్న కాలానికే లెక్క కట్టి 5 మీటర్ల హద్దు పెట్టారు. వైరు మరీ పొడుగైతే జవాబు ఆలస్యంగా వస్తుంది. డబ్బా అక్కడ లేదని కంప్యూటరు అనుకుంటుంది.

రెండో కారణం కరెంటు. యు.ఎస్.బి. వైరు కబురుతో పాటు కరెంటు కూడా మోస్తుంది. 5 వోల్టులే. మన ఇంటి కరెంటు 230 వోల్టులు ఉంటుంది. దానితో చూస్తే ఇది పిసరంత. కాలువ చివరి పొలానికి నీళ్ళు అందవని మనకు తెలుసు కదా. పైవాళ్ళకు పారగా, దారిలో ఇంకగా, చివరికి చేరేది కొంచెమే. సన్నటి వైరులో కరెంటు కూడా అంతే. 10 మీటర్ల సన్న వైరు చివర అర ఆంపియరు కరెంటు తీసుకునే పరికరం పెడితే, ఆ 5 వోల్టుల్లో సుమారు 2 వోల్టులు దారిలోనే పోతాయి. మిగిలినదానితో డబ్బా సరిగా పనిచెయ్యదు. కాసేపు వెలుగుతుంది, కాసేపు ఆరిపోతుంది.

పైగా వైరు పొడుగైతే అంకెలు చెదురుతాయి. వేరే పనుల్లో అయితే చెదిరిన మూటను కంప్యూటరు మళ్ళీ పంపిస్తుంది. ఫోటో పంపితే అట్లాగే చేస్తుంది. కానీ మాట విషయంలో మళ్ళీ పంపదు. పంపేలోపు మాట ముందుకు వెళ్ళిపోతుంది కదా! పోయిన మూట పోయినట్టే. అక్కడ టక్కుమని చప్పుడు వస్తుంది. లేకపోతే మాట తెగుతుంది.

మాట తెగితే ఏమవుతుందిలే అని తీసిపారెయ్యకండి. మా దగ్గర ఒక ఊళ్ళో మహిళా సంఘాల సమావేశంలో ఇది జరిగింది. కంప్యూటరు ఒక మూల, మైకు సెట్టు ఇంకో మూల ఉన్నాయి. రెండు యు.ఎస్.బి. వైర్లు ఒకదానికొకటి తగిలించి 15 మీటర్లు లాగారు. కొత్త అప్పు షరతులు చెప్పే వీడియో వేశారు. మొదట బాగానే వినిపించింది. తర్వాత టక్ టక్ మంది. వడ్డీ ఎంతో చెప్పే చోట మాట తెగిపోయింది. వాయిదా తప్పితే ఏమవుతుందో చెప్పే చోట కూడా తెగింది. ముందు వరుసవాళ్ళు గోడ మీద అక్షరాలు చదువుకున్నారు. వెనకవాళ్ళకు అక్షరాలు ఆనలేదు, మాట వినపడలేదు. చివరికి తీర్మానం పుస్తకం చేతికి వచ్చింది. అందరూ సంతకాలు పెట్టారు. వడ్డీ ఎంతో వినకుండానే పెట్టారు. తప్పు వాళ్ళది కాదు. మళ్ళీ వెయ్యమని అడగొచ్చని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

మరి ఏం చెయ్యాలి? యు.ఎస్.బి. వైరు పొట్టిగా ఉంచండి. మైకు వైరు పొడుగ్గా లాగండి. సౌండ్ కార్డు డబ్బాను కంప్యూటరు పక్కనే పెట్టాలి. ఒకటి రెండు మీటర్ల యు.ఎస్.బి. వైరు చాలు. అక్కడే అంకెలు మాటగా మారిపోతాయి. అక్కడి నుండి మైకు సెట్టు దాకా మామూలు మైకు వైరు వెయ్యాలి. గుండ్రటి ప్లగ్గు, లోపల మూడు పిన్నులు ఉండే వైరు అది. మైకు సెట్టు అబ్బాయి దగ్గర ఎప్పుడూ ఉంటుంది. దాన్ని 30 మీటర్లు లాగినా మాట చెడదు.

ఈ మైకు వైరులో ఉన్న తెలివి నాకు భలే ఇష్టం. లోపల రెండు తీగలు మాటను మోస్తాయి. ఒకదానిలో మాట సూటిగా, ఇంకోదానిలో తిరగబడి వెళ్తుంది. చుట్టూ మూడోది కవచంలాగా ఉంటుంది. దారిలో కరెంటు వైర్ల రొద వచ్చి చేరుతుంది. అది రెండు తీగల్లోనూ సమానంగానే చేరుతుంది. చివర మైకు సెట్టు ఆ రెంటికీ మధ్య తేడానే తీసుకుంటుంది. తక్కెడ రెండు పళ్ళాల్లో ఒకే బరువు రాయి వేస్తే ముల్లు కదలదు కదా! అట్లాగే రొద కొట్టుకుపోతుంది. మాట మిగులుతుంది.

సౌండ్ కార్డు లేకపోతే? కంప్యూటరుకు చెవిలో పెట్టుకునే ఫోన్లు తగిలించే చిన్న రంధ్రం ఉంటుంది. అందులోనుంచి కూడా మాట తీసుకోవచ్చు. కానీ ఆ సన్న వైరును నేరుగా దూరం లాగితే గుయ్ మంటుంది. మధ్యలో డి.ఐ. బాక్సు అనే చిన్న పెట్టె పెట్టించండి. అది మాటను మైకు వైరుకు తగినట్టు మారుస్తుంది. మైకు సెట్టువాళ్ళను పేరు పెట్టి అడగండి. వాళ్ళకు తెలుసు.

అన్నీ సరిగా కలిపినా ఒక్కోసారి గుయ్ మని రొద వస్తుంది. అప్పుడు ల్యాప్‌టాప్ చార్జరును తీసి చూడండి. రొద ఆగితే వైరు తప్పు కాదు. చార్జరు కరెంటు, మైకు సెట్టు కరెంటు వేరువేరు చోట్ల నుంచి రావడం వల్ల వచ్చిన పేచీ అది. రెండింటినీ ఒకే బోర్డులో పెట్టించండి. అప్పటికీ పోకపోతే బ్యాటరీ మీదే సభ నడపండి. కొందరు రొద పోవాలని ప్లగ్గుకున్న పెద్ద పిన్ను విరిచేస్తారు. అది ఎర్తు పిన్ను. ప్రాణం కాపాడే పిన్ను. ఎవరు చెప్పినా దాన్ని విరవనివ్వకండి.

ఇంకో మాట. ఇప్పటి మైకు సెట్ల మీద యు.ఎస్.బి. రంధ్రం కనబడుతుంది. చదునుగా ఉంటే అది చాలావరకు పాటల పెన్ డ్రైవు పెట్టడానికే. కంప్యూటరుకు కాదు. రెండు వైపులా చదును ప్లగ్గు ఉన్న వైరుతో దానికి కంప్యూటరును కలపకండి. రెండు వైపుల నుండీ కరెంటు వచ్చి ఢీకొంటుంది. ఏదో ఒకటి పాడవుతుంది. కంప్యూటరు కోసం పెట్టిన రంధ్రం చాలా సెట్లలో చతురస్రంగా, పలక బిళ్ళలాగా ఉంటుంది.

ఎంత చేసినా యు.ఎస్.బి. వైరే పొడుగ్గా కావాలంటే దానికీ దారి ఉంది. మధ్యలో చిన్న గుబ్బ ఉండే వైర్లు దొరుకుతాయి. ఆ గుబ్బలోని యంత్రం కబురును అందుకొని కొత్తగా పంపిస్తుంది. 10, 15 మీటర్లకు ఇది సరిపోతుంది. కరెంటు విడిగా ఇచ్చే రకం అయితే మేలు. ఇంకా దూరమైతే ఇంటర్నెట్‌వాళ్ళు వేసే ఎనిమిది తీగల వైరుకు అటూ ఇటూ పెట్టెలు తగిలిస్తారు. ఆ పెట్టెల్లో చవక రకాలు ఉన్నాయి. కొన్ని టైపు చేసే బోర్డుకే పనికొస్తాయి, మాటకు పనికిరావు. కొనేముందు దుకాణంలోనే పాట వేయించి వినండి. బిల్లు తీసుకోండి.

బంగారు పూత వైరని, మాట తియ్యగా వస్తుందని ఎక్కువ ధర చెప్పేవాళ్ళు ఉంటారు. నమ్మకండి. వైరులో వెళ్ళేది అంకెలు. అవి సరిగా చేరితే మాట బాగుంటుంది, చేరకపోతే తెగుతుంది. తీపి చెయ్యడం వైరు చేతిలో లేదు.

వైరు తెప్పించే ముందు దూరం కొలవండి. టేపు లేకపోతే మూరలతో కొలవండి. 5 మీటర్లంటే సుమారు 11 మూరలు. గాలిలో అడ్డంగా కాదు, గోడ వెంట కొలవాలి. వైరు గోడ వెంటే పోవాలి గదా, నడిచే దారిలో పడితే కాళ్ళకు తగులుతుంది. కరెంటు వైరు పక్కన జంటగా వెయ్యకండి, దాటాల్సిన చోట అడ్డంగా దాటించండి. సభకు ముందు రోజే ఒకసారి వీడియో మొత్తం వేసి చూడండి. ఒక అక్కను వెనక వరుసలో కూర్చోబెట్టండి. వడ్డీ ఎంతని చెప్పారో ఆమెను అడగండి.