గౌట్: నొప్పి పోతే జబ్బు పోయినట్టేనా?.. భద్రాచలం ఏజెన్సీలో ‘వాతం’ అని సరిపెట్టుకునే కీళ్ల జబ్బు అసలు కథ ఇదీ!

రాత్రి మామూలుగానే పడుకుంటారు. తెల్లవారుజామున 2, 3 గంటలకు కాలి బొటనవేలి మొదట్లో నిప్పు పెట్టినట్టు మంట. లేచి చూస్తే అక్కడ ఎర్రగా కంది, చర్మం మెరుస్తూ వాచిపోయి ఉంటుంది. దుప్పటి అంచు తగిలినా ప్రాణం పోయినంత పని. దెబ్బ తగల్లేదు, ముల్లు గుచ్చుకోలేదు.. మరి ఏమైంది?

ఖమ్మం టౌన్‌లో అయితే ఫోన్‌లో వెతుకుతారు. చర్ల, దుమ్ముగూడెం వైపు ఊళ్లలో అయితే ‘వాతం చేసింది’ అంటారు. పసరు కట్టు కడతారు. కొన్నిచోట్ల కాల్చిన ఇనుముతో వాతలు కూడా పెడతారు. ఇవేవీ కాకపోతే ఊళ్లోకి బండి మీద వచ్చే ఆర్ఎంపీ దగ్గర సూది. వారం, పది రోజుల్లో నొప్పి తగ్గిపోతుంది. మళ్లీ చేనుకు, అడవికి వెళ్లిపోతారు. దాని సంగతే మర్చిపోతారు.

అసలు తిరకాసు ఇక్కడే ఉంది. ఈ జబ్బు పేరు గౌట్. మందు వేసినా, వేయకపోయినా ఒకసారి వచ్చిన వాపు చాలామందిలో వారం, రెండు వారాల్లో దానంతట అదే తగ్గుతుంది. అందుకే ఆ సమయంలో ఏది చేస్తే దానికే పేరొస్తుంది. పసరు కడితే పసరుకు, వాత పెడితే వాతకు, సూది వేస్తే సూదికి! నొప్పి పోయింది నిజమే. జబ్బు మాత్రం కీలులోనే కూర్చుని ఉంటుంది.

తేనె పలుకులు కట్టినట్టు..

మన ఒంట్లో కణాలు పాతబడి విరిగిపోయినప్పుడు, మనం తిన్న కొన్ని పదార్థాలు అరిగినప్పుడు ప్యూరిన్లు అనే పదార్థాల నుంచి యూరిక్ యాసిడ్ తయారవుతుంది. ఇది అందరిలోనూ ఉంటుంది. అందులో సుమారు మూడింట రెండొంతులను కిడ్నీలు వడకట్టి మూత్రంలో పంపిస్తాయి. మిగతాది పేగుల ద్వారా పోతుంది. పంపించే పని మందగించినా, తయారీ పెరిగినా రక్తంలో పేరుకుపోతుంది. డెసిలీటరుకు సుమారు 6.8 మిల్లీగ్రాములు దాటితే ఇక రక్తంలో పూర్తిగా కరిగి ఉండలేదు. సూదుల్లాంటి సన్నని స్ఫటికాలుగా మారడం మొదలవుతుంది.

అడవి తేనె సీసాలో పోసి పెడితే చలికాలంలో అడుగున పలుకులు కట్టడం మనవాళ్లందరూ చూసిందే. ఇదీ ఇంచుమించు అలాంటిదే. ఒంట్లో గుండెకు దూరంగా, చల్లగా ఉండే చోటు కాలి వేళ్లు. అందుకే సగం మందికి పైగా మొదటి దెబ్బ బొటనవేలి మీదే పడుతుంది. రాత్రిపూట ఒళ్లు కాస్త చల్లబడుతుంది, ఒంట్లో నీరు తగ్గుతుంది. అర్ధరాత్రి దాటాక నొప్పి రావడానికి ఇవీ కారణాలే. ఈ పలుకులను శరీరం శత్రువులా చూసి దాడి చేస్తుంది. ఆ దాడే వాపు, ఎరుపు, మంట.

దాడి ఆగినా పలుకులు అలాగే ఉంటాయి. ఆర్నెల్లకో, ఏడాదికో మళ్లీ వస్తుంది. తర్వాత చీలమండ, మోకాలు, మణికట్టు. ఏళ్ల తరబడి వదిలేస్తే వేళ్ల కణుపుల దగ్గర, మోచేతి మీద, చెవి అంచున గట్టి గడ్డలు లేస్తాయి. ఒక్కోసారి అవి పగిలి సుద్దలాంటి తెల్లటి పదార్థం కారుతుంది. చూసినవాళ్లు ‘చీము పట్టింది’ అనుకుంటారు. కీలు లోపల ఎముక అరిగిపోయాక వేళ్లు ముడుచుకోవు. కొడవలి పట్టే చేతికి, మిరపకాయ కోసే చేతికి అంతకంటే నష్టం ఏముంటుంది?

రాజుల రోగమా? తునికాకు కూలీకి ఎందుకొస్తుంది?

యూరప్‌లో ఒకప్పుడు దీన్ని రాజుల రోగం అనేవాళ్లు. మాంసం, మద్యం దండిగా ఉన్నవాళ్లకే వస్తుందని నమ్మేవాళ్లు. ఆ ముద్ర ఇప్పటికీ పోలేదు. ‘బాగా తిని తాగి తెచ్చుకున్నాడు’ అని ఎగతాళి చేస్తారని చాలామంది జబ్బు పేరే బయటికి చెప్పరు. కానీ ఎవరి కిడ్నీలు యూరిక్ యాసిడ్‌ను ఎంత బాగా బయటికి పంపుతాయనేది ఎక్కువగా పుట్టుకతో, జన్యువులతో వచ్చే విషయం. మగవాళ్లలో ఎక్కువ. ఆడవాళ్లలో నెలసరి ఆగిపోయాక పెరుగుతుంది. తిండి ఆ మంటకు గాలి ఊదుతుందే గానీ, చాలామందిలో నిప్పు అంటించేది అది ఒక్కటే కాదు.

ఇక మన ప్రాంతానికి వస్తే.. ఏప్రిల్, మే నెలల్లో కొత్తగూడెం, భద్రాచలం వైపు 45 డిగ్రీలు దాటే రోజులు కొత్తేం కాదు. సరిగ్గా ఆ నెలల్లోనే తునికాకు సేకరణ. తెల్లారకముందే అడవికి పోయి, ఎండలో తిరిగి, వెంట తీసుకెళ్లిన బాటిల్ నీళ్లతో సరిపెట్టుకుంటారు. చెమట రూపంలో నీరంతా పోతే రక్తంలో యూరిక్ యాసిడ్ చిక్కబడుతుంది. సాయంత్రం ఇంటికొచ్చాక నీళ్లకు బదులు కల్లు, ఇప్పసారా, బీరు. ఆల్కహాల్ యూరిక్ యాసిడ్ తయారీని పెంచుతుంది, బయటికి పోవడాన్ని తగ్గిస్తుంది. రెండు వైపులా దెబ్బే! బీరులో ప్యూరిన్లు కూడా ఉంటాయి కాబట్టి అది ఇంకా చెడ్డది. ‘కల్లు చలువ’ అనే మాట గౌట్ ఉన్నవాళ్ల విషయంలో పనికిరాదు. పులిసిన కల్లులోనూ ఉన్నది ఆల్కహాలే.

చాలామందికి తెలియని ఇంకో కోణం మాత్రలు. బీపీకి, కాళ్ల వాపులకు ఇచ్చే కొన్ని మూత్రం మాత్రలు యూరిక్ యాసిడ్‌ను పెంచుతాయి. టీబీ చికిత్సలో మొదటి రెండు నెలలు ఇచ్చే పైరజినమైడ్ కూడా అంతే. దాంతో కీళ్ల నొప్పులు రావొచ్చు. అలాగని టీబీ కోర్సు మధ్యలో ఆపేస్తే ప్రాణం మీదికి వస్తుంది. నొప్పులు వస్తున్నాయని ఆశా కార్యకర్తకో, పీహెచ్‌సీ డాక్టర్‌కో చెప్పండి. మాత్రలు మాత్రం మీ అంతట మీరు మానేయొద్దు.

పప్పు మానేయాలా?.. అక్కర్లేదు!

గౌట్ అనగానే ముందుగా వినిపించేది పథ్యం. పప్పు వద్దు, పాలకూర వద్దు, టమాటా వద్దు, వంకాయ వద్దు. చివరికి చారు అన్నం మిగులుతుంది. ఇందులో చాలావరకు అనవసరం. అమెరికాలో వేలమంది మగవాళ్లను 12 ఏళ్ల పాటు గమనించిన పెద్ద పరిశోధన ఒకటి 2004లో వచ్చింది. మాంసం, సముద్రపు చేపలు, రొయ్యలు ఎక్కువగా తిన్నవాళ్లలో గౌట్ పెరిగింది. ప్యూరిన్లు ఉన్న కూరగాయలు, పప్పుల వల్ల మాత్రం పెరగలేదు. వెన్న తీసిన పాలు, పెరుగు తీసుకున్నవాళ్లలో తగ్గింది కూడా. అంటే మన మజ్జిగ మంచిదే. ఎండాకాలంలో అయితే మరీ మంచిది.

ఏజెన్సీ ఇళ్లలో రోజువారీ బలమంతా పప్పులోనే ఉంటుంది. ఇంటి పెద్దకు గౌట్ అని మొత్తం కుటుంబం పప్పు వండుకోవడం మానేస్తే పిల్లలకు, బాలింతలకు జరిగే నష్టమే ఎక్కువ. తగ్గించాల్సినవి వేరే ఉన్నాయి. కార్జం, బోటీ, తలకాయ కూర లాంటివి, పంది, మేక మాంసం, ఎండు చేపలు, రొయ్యలు. పండగకో, జాతరకో ఓ ముక్క తిన్నా, వరసగా నాలుగు రోజులు మాంసం, మందు కలిస్తేనే ముప్పు. ఇంకోటి.. కూల్‌డ్రింకులు. అందులోని చక్కెర సగం ఫ్రక్టోజ్‌గా మారి యూరిక్ యాసిడ్‌ను పెంచుతుంది. ‘నేను మాంసం ముట్టను, నాకెలా వచ్చింది’ అనేవాళ్లు రోజుకు ఎన్ని సీసాలు తాగుతున్నారో ఒకసారి లెక్క చూసుకోవాలి.

ఒక్క మాట మాత్రం సూటిగా చెప్పాలి. ఎంత కఠినమైన పథ్యం చేసినా యూరిక్ యాసిడ్ తగ్గేది కొంచెమే, చాలామందిలో ఒక పాయింట్ అటూ ఇటూ. 9, 10 ఉన్నవాళ్లు పథ్యంతోనే గట్టెక్కాలనుకుంటే ఏళ్లు గడిచిపోతాయి, కీళ్లు పాడవుతాయి.

ప్రతి కీళ్ల నొప్పీ గౌట్ కాదు

ఇటువైపు వానాకాలం అంటేనే జ్వరాల కాలం. చికున్‌గున్యా వచ్చి తగ్గాక నెలల తరబడి కీళ్లు పట్టేయొచ్చు. అది ఎక్కువగా రెండు చేతులకూ, రెండు కాళ్లకూ ఒకేసారి వస్తుంది. గౌట్ మొదట్లో ఒక్క కీలునే పట్టుకుంటుంది. ఇక పిల్లలకో, ఇరవై ఏళ్లలోపు వాళ్లకో ఎముకలు, కీళ్లు పదేపదే నొప్పులు పెడుతుంటే గౌట్ కంటే ముందు సికిల్ సెల్ పరీక్ష చేయించాలి. ఈ జబ్బు గిరిజన కుటుంబాల్లో ఎక్కువ. 2023 జూలైలో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన మిషన్ కింద గిరిజన ప్రాంతాల్లో ఈ పరీక్షలు చేస్తున్నారు.

అన్నింటికంటే ప్రమాదకరమైనది కీలులో ఇన్‌ఫెక్షన్. కీలు వాచి, వేడిగా ఉండి, దాంతోపాటు చలిజ్వరం ఉంటే ఒక్క రోజు కూడా ఆగొద్దు. చూడటానికి గౌట్ లాగే ఉంటుంది, కానీ రోజుల్లోనే కీలును తినేస్తుంది. డాక్టర్ సిరంజితో కీలులో నీరు తీసి మైక్రోస్కోప్ కింద చూస్తే ఏది ఏదో తేలిపోతుంది. అన్ని చోట్లా ఆ సౌకర్యం ఉండదు కాబట్టి లక్షణాలు, రక్త పరీక్ష, అల్ట్రాసౌండ్ చూసి నిర్ణయిస్తారు.

రక్త పరీక్షలోనూ ఓ మెలిక ఉంది. సరిగ్గా నొప్పి ఉన్న రోజుల్లో యూరిక్ యాసిడ్ మామూలుగా కనిపించొచ్చు. ‘రిపోర్ట్ నార్మల్, గౌట్ కాదు’ అని వదిలేయొద్దు. వాపు తగ్గిన రెండు, మూడు వారాలకు మళ్లీ చేయించాలి. ఎలాంటి నొప్పీ లేకుండా, ఏదో ప్యాకేజీ టెస్టులో 7.4 వచ్చిందని భయపడి మాత్రలు మింగడం ఇంకో తప్పు. యూరిక్ యాసిడ్ ఎక్కువున్న వాళ్లలో చాలామందికి గౌట్ ఎప్పటికీ రాదు.

సూదిలో ఏముంది?

ఆ సూదిలో ఉండేది చాలాసార్లు డైక్లోఫెనాక్, లేదంటే డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్. ఇవి దొంగ మందులేం కాదు. పెద్దాసుపత్రిలోనూ గౌట్ వాపుకు నొప్పి మాత్రలు, కాల్చిసిన్, స్టెరాయిడ్.. ఈ మూడింట్లో ఏదో ఒకటి ఇస్తారు. తేడా ఏంటంటే అక్కడ షుగర్, బీపీ, కిడ్నీలు చూసి, కొద్ది రోజులకే ఇస్తారు. ఇక్కడ ఏ పరీక్షా లేకుండా, నొప్పి వచ్చిన ప్రతిసారీ పడుతుంది. నొప్పి మందులు పదేపదే వాడితే కిడ్నీలు దెబ్బతింటాయి. కిడ్నీ దెబ్బతింటే యూరిక్ యాసిడ్ బయటికి పోదు. అప్పుడు గౌట్ ఇంకా పెరుగుతుంది, ఇంకో సూది కావాలి. ఇదో విషవలయం. స్టెరాయిడ్ ఎక్కువైతే ముఖం ఉబ్బుతుంది, షుగర్ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి.

కిడ్నీ జబ్బు అంటే ఏంటో ఈ చుట్టుపక్కల వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఖమ్మం సరిహద్దుకు అవతల, ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు మండలం తండాల్లో ఏళ్లుగా ఎన్ని కుటుంబాలు డయాలసిస్ చుట్టూ తిరుగుతున్నాయో తెలిసిందే. అక్కడి కారణాలు వేరు. కానీ కిడ్నీ ఒకసారి పోతే ఆ ఇంటి పరిస్థితి ఏమవుతుందో మన కళ్ల ముందే ఉంది.

అసలు మందు రోజూ వేసుకునేది

వాపు తగ్గించే మందు వేరు, యూరిక్ యాసిడ్ తగ్గించే మందు వేరు. ఈ ఒక్కటి అర్థమైతే సగం సమస్య తీరినట్టే. ఏడాదిలో రెండు, అంతకంటే ఎక్కువసార్లు వాపు వచ్చినవాళ్లకు, గడ్డలు లేచినవాళ్లకు, కీలు దెబ్బతిన్నవాళ్లకు అల్లోప్యూరినాల్ లాంటి మాత్ర రోజూ వేసుకోమని డాక్టర్లు చెబుతారు. తక్కువ డోసుతో మొదలుపెట్టి, రక్త పరీక్ష చూస్తూ 6 కంటే కిందికి తెచ్చేదాకా పెంచుతారు. 6 కింద నిలిపి ఉంచితే పాత పలుకులు కూడా మెల్లగా కరిగిపోతాయి. గడ్డలు సైతం కరుగుతాయి. దీర్ఘకాలిక కీళ్ల జబ్బుల్లో ఇంత బాగా అదుపులోకి వచ్చేవి తక్కువే.

ఈ మందు వెనక ఓ తెలుగు బంధం కూడా ఉంది. అల్లోప్యూరినాల్ తయారుచేసిన గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్‌కు 1988లో నోబెల్ వచ్చింది. ఆ హిచింగ్స్, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.. ఇద్దరూ హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే దగ్గర పని చేసినవాళ్లే.

మొదటి కొన్ని నెలలు మాత్రం ఓపిక కావాలి. పలుకులు కరుగుతున్నప్పుడు మధ్యలో మళ్లీ నొప్పి రావొచ్చు. ‘మాత్ర వేశాకే ఎక్కువైంది’ అని చాలామంది అక్కడే ఆపేస్తారు. ఆపకూడదు. ఆ నొప్పి రాకుండా మూడు నుంచి ఆరు నెలలు తక్కువ డోసు కాల్చిసిన్ ఇస్తారు. అయితే ఒంటి మీద దద్దుర్లు, నోట్లో పుండ్లు, జ్వరం, కళ్లు ఎర్రబడటం కనిపిస్తే మాత్రం అల్లోప్యూరినాల్ వెంటనే ఆపి ఆసుపత్రికి పరిగెత్తాలి. అరుదే, కానీ ప్రాణాంతకం.

కాల్చిసిన్ గురించి ఓ హెచ్చరిక. వానాకాలంలో మన అడవుల్లో నిప్పు మంటల్లాంటి ఎరుపు, పసుపు పూలు పూసే తీగ అడవినాభి, కొందరు అగ్నిశిఖ అంటారు. దాని దుంపలో, గింజల్లో ఉన్నది ఈ కాల్చిసినే. అలాగని దుంప తవ్వి అరగదీసి తాగితే చావే. మాత్రలో ఉండేది అర మిల్లీగ్రాము. దుంపలో ఎంత ఉందో కొలిచేవాళ్లు లేరు. వాంతులు, విరేచనాలతో మొదలై అవయవాలు ఒక్కొక్కటిగా దెబ్బతింటాయి.

ఫోన్ చేతిలో ఉంది కదా..

భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉంది. చుట్టూ ఉన్న చింతూరు, కూనవరం లాంటి మండలాలు 2014లో ఏపీలోకి వెళ్లాయి. ఇంకాస్త దాటితే ఛత్తీస్‌గఢ్‌లోని కుంట. మూడు రాష్ట్రాల జనం భద్రాచలం ఏరియా ఆసుపత్రికే వస్తుంటారు. ఈసారి ఇక్కడ, వచ్చేసారి అక్కడ చూపించుకుంటే పాత చీటీ ఎవరి దగ్గరా ఉండదు. ప్రతిసారీ కథ మొదటి నుంచి!

అందుకే వాపు వచ్చిన రోజే ఫోన్‌లో ఫొటో తీయండి. డాక్టర్ దగ్గరికి చేరేసరికి వాపు తగ్గిపోతే చూపించడానికి అదొక్కటే సాక్ష్యం. ఏ తేదీన వచ్చింది, ఎన్ని రోజులుంది, ఏ సూది వేశారు, ఏ మాత్రలు వాడుతున్నారు.. అన్నీ ఫొటోలుగా పెట్టుకోండి. యూరిక్ యాసిడ్‌తో పాటు క్రియాటినిన్ రిపోర్ట్ కూడా. ఆ రాత్రికి మాత్రం కాలు ఎత్తులో పెట్టి, గుడ్డలో చుట్టిన ఐస్ పది, పదిహేను నిమిషాలు పెట్టండి. నీళ్లు బాగా తాగండి. గుండె, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఎన్ని నీళ్లు తాగాలో మాత్రం డాక్టర్‌నే అడగాలి. వేడి కాపడం, గట్టిగా రుద్దడం వద్దు. వాపు ఇంకా పెరుగుతుంది.