బేతాళుడి ప్రశ్న

అక్కలారా! రాత్రి పడుకునే ముందు పిల్లలు కథ చెప్పమని పీక్కుతింటారు కదా. దయ్యం కథ అంటే ఇంకా దగ్గరికి జరుగుతారు. "దయ్యాల కథలు చెప్పి పిల్లల్ని పాడు చేయకూడదు" అని కొందరంటారు. టీచరు ట్రైనింగ్ అయిన కొత్తలో నేనూ అదే అనేదాన్ని. మన రాత్రి బడిలో ఒక బేతాళ కథ చదివాక నా మాట మార్చుకున్నాను.

బేతాళ కథలు ఈనాటివి కావు. 11వ శతాబ్దంలో కాశ్మీరంలో సోమదేవుడు అనే కవి సంస్కృతంలో కథాసరిత్సాగరం రాశాడు. అందులో ఈ కథలున్నాయి. తెలుగు పిల్లలకు వీటిని దగ్గర చేసింది చందమామ. ఆ పత్రిక 1947 జూలైలో మద్రాసులో మొదలైంది. పాత కథలు అయిపోయినా వాళ్ళు బేతాళుణ్ణి వదల్లేదు. కొత్త కథలు కట్టి అతని నోటే చెప్పించారు. ఇప్పుడు ఆ పత్రిక రావటం లేదు. పాత సంచికలు ఎవరింట్లోనైనా ఉంటే అడిగి తెచ్చుకోండి.

కథ ఇట్లా ఉంటుంది. ఒక భిక్షువు కోరాడని విక్రమార్క మహారాజు అర్ధరాత్రి శ్మశానానికి వెళ్తాడు. చెట్టుకు వేలాడే శవాన్ని భుజాన వేసుకుని నడుస్తాడు. శవంలో బేతాళుడుంటాడు. దారిలో కథ చెప్పి, చివర ఒక చిక్కు ప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసి కూడా చెప్పకపోతే రాజు తల పగిలిపోతుంది. చెప్తే మౌనం పోయి, శవం మళ్ళీ చెట్టెక్కుతుంది.

చూశారా! తెలియకపోతే శిక్ష లేదు. తెలిసి నోరు మూసుకుంటేనే శిక్ష. ఈ మాట ఊరికే చెప్తే పిల్లలు వినరు. శవం, చెట్టు, చీకటి ఉంటే మరిచిపోరు.

ఆ రోజు మేము చదివింది మదనసుందరి కథ. ఆమె, భర్త, తోడబుట్టినవాడు ముగ్గురూ గుడికి వెళ్తారు. భర్త లోపలికి వెళ్ళి అమ్మవారికి తన తల సమర్పిస్తాడు. అది చూసి తోడబుట్టినవాడూ అట్లాగే చేస్తాడు. ఆమె కూడా చావబోతే అమ్మవారు ఆపి, తలలు మొండేలకు పెట్టమంటుంది. కంగారులో ఆమె తలలు తారుమారు చేసింది. ఇద్దరూ లేచారు. ఇప్పుడు ఆమె మొగుడెవరు?

శరీరానికి తలే ముఖ్యం, భర్త తల ఉన్నవాడే భర్త అన్నాడు రాజు.

మా బడిలో పెద్ద గొడవయింది. "పుస్తె కట్టింది చేతులు కదా, తల కాదు కదా" అంది ఒకామె. "తోడబుట్టినవాడి ఒళ్ళు పెట్టుకున్నవాడితో కాపరం ఎట్లా చేస్తది?" అంది ఇంకొకామె. అందరం నవ్వాం. ఎప్పుడూ మాట్లాడని ఒక అక్క మెల్లగా, "ఆ పిల్లనెవరైనా అడిగారా, టీచరమ్మా?" అంది. నేను పుస్తకం మళ్ళీ తిరగేసి చూశాను. ఎవరూ అడగలేదు. రాజూ అడగలేదు, బేతాళుడూ అడగలేదు.

ఆ అక్కకి పదమూడో ఏట పెళ్ళయింది. ఆ నెలలోనే తొమ్మిదో తరగతి చదివే కూతురికి సంబంధం చూస్తున్నారు. 18 ఏళ్ళు నిండకుండా ఆడపిల్లకు పెళ్ళి చేయటం చట్టానికే విరుద్ధం. ఆ సంగతి నేను రెండుసార్లు చెప్పాను. తల ఊపి ఊరుకుంది. కథ చదివిన మర్నాడు బడికి రాలేదు. ఆ తర్వాతి రోజు వచ్చి, "పిల్లని అడిగాను. చదువుకుంటానంది" అని చెప్పింది. ఇంట్లో పేచీ ఇంకా తెగలేదు. పిల్ల మాత్రం బడికి పోతోంది.

రాజు జవాబే ఆఖరి మాట అని కథలో ఎక్కడా లేదు. ఆ రాజుకే ఒక కథకు జవాబు తోచలేదు. నిజంగా తెలియదు కాబట్టి ఊరుకున్నాడు. బేతాళుడు మెచ్చి, భిక్షువు నిన్ను చంపబోతున్నాడని గుట్టు చెప్పాడు. రాజు బతికి బయటపడ్డాడు.

మీ పిల్లలతో నలుగురు అన్నదమ్ముల కథ మొదలుపెట్టండి. నలుగురూ విద్యలు నేర్చారు. అడవిలో ఒక ఎముక దొరికింది. ఒకడు దానికి మాంసం కప్పాడు. ఒకడు తోలు, వెంట్రుకలు తెచ్చాడు. ఒకడు మిగతా అవయవాలు అమర్చాడు. నాలుగోవాడు ప్రాణం పోశాడు. అది సింహం! లేచి నలుగుర్నీ తినేసింది. తప్పు ఎవరిది?

రాజేమన్నాడో నేనిక్కడ రాయటం లేదు. పుస్తకంలో ఆ చోటు రాగానే చెయ్యి అడ్డం పెట్టండి. పిల్లలు వాళ్ళ జవాబు చెప్పేదాకా తియ్యకండి.